క్షయ సోకిన ఇంట పిల్లల కంచం మాటేమిటి?

ఒక ఇంట పెద్దవారికి క్షయ సోకిందని తేలిన నాడు ప్రభుత్వ యంత్రాంగంలో కొన్ని పనులు వెంటనే మొదలవుతాయి. రోగి పేరు నిక్షయ్ జాబితాలో నమోదవుతుంది. ఆరు నెలలకు సరిపడే మందులు ఉచితంగా అందుతాయి. పోషకాహార భృతి కోసం బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతారు. ఆశా కార్యకర్త వచ్చి మాత్రలు మింగుతున్నదీ లేనిదీ విచారిస్తుంది. ఇదంతా రోగికి జరిగే మేలు. కాని అదే ఇంట, అదే గదిలో, అదే చాప మీద పడుకునే మూడేళ్ల పసిబిడ్డ ఆ లెక్కలో రోగి కాదు. రోగితో కలసి జీవించే సన్నిహితుల సంఖ్యలో ఒక అంకె మాత్రమే. ఆ బిడ్డ కంచంలో ఏమున్నదో విచారించే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు విధానంలో నేటికీ స్పష్టమైన సమాధానం లేదు.

ఈ ప్రశ్న సరిహద్దు గ్రామాల కుటుంబాలకు మరింత ముఖ్యమైనది. రేషన్ కార్డు ఒక రాష్ట్రంలో, కూలి పని మరొక రాష్ట్రంలో, పిల్లల చదువు ఇంకొక చోట సాగే ఇళ్లలో, ఒక శాఖ ప్రారంభించిన పనిని మరొక శాఖ అందుకోవడం కష్టం. క్షయ క్రిమికి రాష్ట్రాల ఎల్లలు తెలియవు. ప్రభుత్వాల పత్రాలకు మాత్రం బాగా తెలుసు.

2025 నాటికి దేశం నుంచి క్షయను తొలగిస్తామని కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రకటించింది. ఆ గడువు ముగిసిపోయింది. వ్యాధి తగ్గుముఖం పట్టిన మాట నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2015లో దేశంలో ప్రతి లక్ష మందికి 237 మంది కొత్తగా వ్యాధిగ్రస్తులు కాగా, 2024 నాటికి ఆ సంఖ్య 187కు దిగివచ్చింది. ఈ తగ్గుదల తక్కువదేమీ కాదు. అయినా ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మంది నేటికీ భారతదేశంలోనే ఉన్నారు. మందులు, పరీక్షలు ఇంతగా విస్తరించిన తరువాత కూడా వ్యాధి ఇంకా ఇళ్లను వీడిపోకపోవడానికి గల కారణాల్లో ముఖ్యమైనది ఆకలి. ఈ విషయాన్ని ఇప్పుడు పరిశోధనలే చెబుతున్నాయి.

పిల్లల క్షయ ఎందుకు కంటబడదు?

ప్రపంచంలో ఏటా సుమారు 12 లక్షల మంది 15 ఏళ్లలోపు పిల్లలు క్షయ బారిన పడుతున్నారని అంచనా. మొత్తం రోగుల్లో ఇది పది శాతానికి మించిన వాటా. భారతదేశంలో 2022లో నమోదైన 24 లక్షలకు పైగా కేసుల్లో మాత్రం పిల్లల వాటా ఆరు శాతం లోపే. ఈ వ్యత్యాసానికి వ్యాధి తక్కువగా ఉండటం కారణం కాకపోవచ్చు. ఎందరో పిల్లల్లో వ్యాధి బయటపడటం లేదన్నది నిపుణుల అభిప్రాయం. క్షయతో మరణించే పిల్లల్లో అత్యధికులు అసలు చికిత్సకే నోచుకోనివారని ప్రపంచ ఆరోగ్య సంస్థ పలుమార్లు హెచ్చరించింది.

పెద్దవారిలో వ్యాధి నిర్ధారణకు కళ్లె పరీక్ష ఆధారం. చిన్నపిల్లలు కళ్లెను బయటికి ఉమ్మలేరు, మింగివేస్తారు. వారి ఊపిరితిత్తుల్లో క్రిముల సంఖ్య కూడా తక్కువే. అందువల్ల పరీక్షలో ఏమీ కనబడకపోయినా వ్యాధి లేదని చెప్పడానికి వీలులేదు. ఉదయాన్నే పరగడుపున కడుపులోని ద్రవాన్ని సన్నని గొట్టం ద్వారా తీసి పరీక్షించడం ఒక మార్గం. పిల్లల మలాన్ని జన్యు పరీక్ష యంత్రంలో పరీక్షించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటీవలి సంవత్సరాల్లో సిఫార్సు చేసింది. ఛాతీ ఎక్స్‌రే, చర్మ పరీక్ష కూడా తోడ్పడతాయి. అయితే వీటన్నిటికంటే ముందు ఎవరో ఒకరికి అనుమానం రావాలి.

అనుమానించవలసిన లక్షణాలు కొన్నే. రెండు వారాలు దాటిన దగ్గు, వదలని జ్వరం, మెడ దగ్గర గడ్డలు, ఆటపాటల్లో ఉత్సాహం తగ్గడం వాటిలో ముఖ్యమైనవి. వీటన్నిటికీ మించినది బరువు పెరగకపోవడం. నెలల తరబడి బరువు పెరగని బిడ్డ విషయంలో ‘దిష్టి తగిలింది’, ‘పళ్లు వస్తున్నాయి’, ‘తండ్రి కూడా చిన్నప్పుడు ఇలాగే ఉండేవాడు’ అని పెద్దలు సరిపెట్టుకుంటారు. దుకాణంలో టానిక్కు సీసా కొని ఊరట చెందుతారు. అంగన్‌వాడీలో నెలనెలా రాసే బరువు లెక్క వాస్తవానికి క్షయను పసిగట్టే సాధనం కూడా. ఆ గీత రెండు మూడు నెలలు అడ్డంగా సాగినా, కిందికి వంగినా, ఇంట్లో దగ్గుతున్న పెద్దవారెవరని అడగాలి.

మరొక విషయం గమనార్హం. చిన్నపిల్లల నుంచి ఇతరులకు వ్యాధి సోకడం అరుదు. పెద్దల నుంచే పిల్లలకు సోకుతుంది. ఒక పసిబిడ్డకు క్షయ వచ్చిందంటే, ఆ బిడ్డకు అతి చేరువలో చికిత్స పొందని పెద్ద రోగి ఒకరు ఉన్నారని అర్థం. తాత కావచ్చు, మేనమామ కావచ్చు, వలస నుంచి తిరిగి వచ్చిన తండ్రి కావచ్చు. పిల్లల వ్యాధి ఆ విధంగా ఇంటిలో దాగిన వ్యాధికి సాక్ష్యం చెబుతుంది.

అయిదేళ్లలోపు పిల్లలకు క్రిమి సోకిన తరువాత వ్యాధిగా మారడానికి ఎంతో కాలం పట్టదు. చాలామందిలో ఏడాదిలోపే మారుతుంది. ఏడాది నిండని శిశువుల్లో ప్రమాదం మరీ ఎక్కువ. వ్యాధి మెదడు పొరలకు పాకితే ప్రాణాపాయం, బతికినా అంగవైకల్యం మిగలవచ్చు. పుట్టిన వెంటనే వేసే బీసీజీ టీకా ఈ తీవ్ర రూపాల నుంచి పసివారికి రక్షణ ఇస్తుంది. కాని పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను అది ఆపలేదు. 1968లో నాటి చెంగల్పట్టు జిల్లా తిరువళ్లూరు ప్రాంతంలో మొదలైన భారీ టీకా పరిశోధన ఈ సంగతి తేల్చింది. ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఉన్న ఆ పల్లెలు ప్రపంచానికే పాఠం చెప్పాయి. పిల్లలకు టీకా అవసరమే, కాని టీకా ఒక్కటే చాలదు.

మద్రాసు పాఠంలో మరుగునపడిన భాగం

క్షయకు మంచి మందులు రాకముందు చికిత్స అంటే విశ్రాంతి, గాలి, వెలుతురు, పుష్టికరమైన తిండి. కర్ణాటక సరిహద్దుకు చేరువలోని మదనపల్లె వద్ద ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన శానిటోరియం అటువంటిదే. పాలు, గుడ్లు, వేళకు భోజనం ఆనాటి వైద్యంలో భాగం. దక్షిణాది రాష్ట్రాలన్నిటి నుంచి రోగులు అక్కడికి చేరేవారు. ఆ శానిటోరియం వైద్యులే 1950ల్లో మదనపల్లె పరిసర పల్లెల్లో క్షయ వ్యాప్తిపై ఏళ్ల తరబడి అధ్యయనం జరిపారు.

1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడింది. నేటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. నగరంలోని పేద రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గాన్ని శానిటోరియంలో చేర్చి, రెండవ వర్గానికి ఇంటివద్దనే మందులిచ్చి ఈ కేంద్రం పరిశీలించింది. శానిటోరియంలో ఉన్నవారికి మంచి ఆహారం, విశ్రాంతి దొరికాయి. ఇంట ఉన్నవారు ఇరుకు గదుల్లో చాలీచాలని తిండితో గడిపారు. అయినా 12 నెలల అనంతరం రెండు వర్గాల్లోనూ ఇంచుమించు ఒకే విధంగా వ్యాధి నయమైంది. 1959లో వెలువడిన ఈ ఫలితం ప్రపంచ క్షయ చికిత్సనే మార్చివేసింది. పడకల కోసం ఎదురుచూడనవసరం లేకుండా లక్షలాది పేదలకు ఇంటివద్దనే చికిత్స అందే దారి ఏర్పడింది. దాని మేలును ఎవరూ కాదనలేరు.

అయితే ఆ ఫలితం నుంచి విధానకర్తలు మరొక నిర్ణయానికి కూడా వచ్చారు. మందు సక్రమంగా వేసుకుంటే చాలు, ఆహారం ముఖ్యం కాదన్న భావన స్థిరపడింది. మద్రాసు అధ్యయనం పరిశీలించినది మందు తీసుకుంటున్న రోగికి వ్యాధి నయమవుతుందా అన్న విషయం. వ్యాధి ఇంకా రాని బిడ్డను తిండి కాపాడగలదా అన్నది ఆ అధ్యయనం ముందున్న ప్రశ్న కాదు. అడగని ప్రశ్నకు సమాధానం దొరికినట్లు భావించడం వల్ల దశాబ్దాలపాటు క్షయ కార్యక్రమంలో కంచం ఊసే లేకుండా పోయింది. 1962లో మొదలైన జాతీయ కార్యక్రమమైనా, తరువాతి కార్యక్రమాలైనా మందుల పెట్టె చుట్టూనే తిరిగాయి.

జార్ఖండ్ పరిశోధన చెప్పినది

ఆ పాత ప్రశ్నకు సమాధానం 2023 ఆగస్టులో లభించింది. మంగళూరులోని యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన వైద్యులు అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ, చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ తదితరులతో కలసి జరిపిన ‘రేషన్స్’ పరిశోధన ఫలితాలు లాన్సెట్ వైద్య పత్రికల్లో వెలువడ్డాయి. పరిశోధనకు వేదిక జార్ఖండ్ రాష్ట్రంలోని నాలుగు జిల్లాలు. అక్కడ 2019 నుంచి 2022 వరకు 2,800 మంది ఊపిరితిత్తుల క్షయ రోగులనూ, వారి ఇళ్లలో ఉండే 10,345 మందినీ పరిశీలించారు. వారిలో అధికులు ఆదివాసులు. కుటుంబ సభ్యుల్లో మూడోవంతు మందికి పోషకాహార లోపం ఉంది.

పరిశోధన పద్ధతి సరళమైనది. రోగులందరికీ మందులతోపాటు నెలకు 10 కిలోల ఆహారపు మూట ఇచ్చారు. అందులో బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఉన్నాయి. కుటుంబ సభ్యులను మాత్రం రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గంలోని ఇళ్లకు సభ్యుల లెక్కన బియ్యం, పప్పు, సూక్ష్మపోషకాల మాత్రలు అందాయి. పెద్దవారికి రోజుకు 750 కేలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అందేలా లెక్క వేశారు. రెండవ వర్గంలోని కుటుంబ సభ్యులు తమ మామూలు తిండి తిన్నారు.

ఫలితం స్పష్టం. తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. ఇతరులకు అంటుకునే ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. రమారమి 30 ఇళ్లకు ఆహారం అందిస్తే ఒకరికి క్షయ రాకుండా ఆపవచ్చునని పరిశోధకులు లెక్కగట్టారు. రోగుల విషయంలోనూ తిండి ప్రభావం కనిపించింది. చికిత్స ప్రారంభంలో ప్రతి అయిదుగురు రోగుల్లో నలుగురు ఉండవలసిన బరువు కంటే తక్కువ ఉన్నారు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగిన వారిలో మరణాల ముప్పు 61 శాతం తక్కువగా ఉన్నది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ 39 శాతం అన్ని వయసుల కుటుంబ సభ్యులను కలిపి తేల్చిన లెక్క. పిల్లలకు మాత్రమే సంబంధించిన అంకె కాదు. పిల్లలకు ఇంతకంటే ఎక్కువ మేలో తక్కువ మేలో ఈ పరిశోధనను చూపి చెప్పడం సరికాదు. అయినా వ్యాధికి గురయ్యే పెద్దలు తగ్గితే పిల్లలకు సోకే మార్గమే సన్నగిల్లుతుంది. ఆ ఇంట తల్లికో, అన్నకో క్షయ రాకుండా ఆగితే పసివారి పక్కన దగ్గేవారు ఒకరు తగ్గినట్లే. పైగా పోషకాహార లోపం శరీరం లోపలి రక్షణ శక్తిని తగ్గిస్తుందన్న విషయంలో వైద్యుల్లో భిన్నాభిప్రాయం లేదు.

భృతి రోగికి, ఆకలి ఇంటికి

విధానం కొంత కదిలింది. 2018 ఏప్రిల్‌లో ప్రారంభమైన నిక్షయ్ పోషణ యోజన కింద రోగికి చికిత్స కాలంలో నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు 1 నుంచి దీనిని 1,000 రూపాయలకు పెంచారు. బరువు బాగా తక్కువగా ఉన్న రోగులకు మొదటి రెండు నెలలు అధిక శక్తినిచ్చే ఆహారం ఇవ్వాలని కూడా అప్పుడే నిర్ణయించారు. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం కింద దాతలు రోగులకు ఆహారపు మూటలు అందజేయవచ్చు. 2024లో కుటుంబ సభ్యులను కూడా ఈ పథకం పరిధిలోకి తెచ్చారు. జార్ఖండ్ పరిశోధన ప్రభావం ఇందులో కనిపిస్తుంది.

అయితే ఈ రెండింటిలో ఉన్న తేడా గమనించాలి. రోగికి వచ్చే భృతి ప్రభుత్వ బాధ్యత. కుటుంబానికి వచ్చే మూట దాత దయ. దాతలు దొరికిన జిల్లాలో మూట వస్తుంది, దొరకని మండలంలో రాదు. పరిశ్రమలూ, సంపన్న సంఘాలూ ఉన్న పట్టణాలకు దాతలు కొరత కారు. సరిహద్దు చివరనున్న తండాకు, కొండ మీది గూడేనికి దాత చేరడం కష్టం. నిజానికి ఆహారం అవసరమైనదీ అక్కడే. పరిశోధన నిరూపించిన మేలును దానధర్మానికి వదిలివేయడం విధానంలోని ప్రధాన లోపం.

భృతి రోగి పేరిట వచ్చినా, పేదయింట ఆ సొమ్ము రోగి ఒక్కరి కంచానికే చేరదు. సంపాదించే మనిషి మంచాన పడ్డ ఇంట ఆ వెయ్యి రూపాయలు అప్పుకూ, ప్రయాణ ఖర్చుకూ, నలుగురి తిండికీ సర్దుబాటు కావలసిందే. తల్లి తన వాటా పిల్లలకు పెడుతుంది. పిల్లలకు పెట్టవలసినది రోగికి పెడతారు. ఎవరికీ చాలదు. ఒక్కరి కోసం వేసిన లెక్క ఇల్లంతటికీ పంచుకోవలసి వచ్చినప్పుడు ఆ లెక్కను ఇంటి ప్రాతిపదికనే వేయడం న్యాయం.

రాష్ట్రాలు కొన్ని తమంతట తాము ముందడుగు వేశాయి. తమిళనాడు 2022లో ‘కాసనోయ్ ఇరప్పిలా తిట్టం’ పేరిట క్షయ మరణాల నివారణ పథకం ప్రారంభించింది. రోగి నమోదు కాగానే బరువు, ఎత్తు, శ్వాస, నిలబడగల శక్తి పరీక్షించి, తీవ్రమైన పోషకాహార లోపం ఉన్నవారిని ఆలస్యం లేకుండా ఆసుపత్రిలో చేర్చడం దీని సారాంశం. ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేని పని ఇది. తూకం, కొలబద్ద, పట్టించుకునే సిబ్బంది ఉంటే చాలు. ఇదే పద్ధతిని రోగి ఇంటి పిల్లలకూ వర్తింపజేయడం అసాధ్యమేమీ కాదు.

సరిహద్దు ఇంటికి నాలుగు శాఖలు, రెండు రాష్ట్రాలు

క్షయ సోకిన ఇంట బిడ్డను కాపాడటానికి కావలసినవన్నీ వేర్వేరుగా ఇప్పటికే ఉన్నాయి. మందు, పరీక్ష ఆరోగ్య శాఖ చేతిలో ఉన్నాయి. బరువు లెక్క, అంగన్‌వాడీ ఆహారం స్త్రీ శిశు సంక్షేమ శాఖ చేతిలో ఉన్నాయి. బియ్యం పౌర సరఫరాల శాఖది. మధ్యాహ్న భోజనం విద్యా శాఖది. ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క జాబితా. అంగన్‌వాడీలో బరువు తగ్గిన బిడ్డ పేరు క్షయ విభాగానికి తెలియదు. క్షయ విభాగంలోని రోగి ఇంట ఎందరు పిల్లలున్నారో అంగన్‌వాడీకి తెలియదు. తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలను క్షయకై పరీక్షించాలన్న మార్గదర్శకం ఉన్నా, ఆ సమాచారం ఒక రిజిస్టరు నుంచి మరొక రిజిస్టరుకు నడిచి వెళ్లదు.

దీనికి రాష్ట్ర సరిహద్దు తోడైతే చిక్కు రెట్టింపవుతుంది. రాయచూరు, బళ్లారి ప్రాంతాల నుంచి మిరప కోతలకు ఆంధ్ర పల్లెలకు వచ్చే కుటుంబాలున్నాయి. ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు తెలంగాణ వచ్చే కుటుంబాలున్నాయి. తండ్రి పేరు ఒక రాష్ట్రపు ఆరోగ్య కేంద్రంలో నమోదై, కుటుంబం సీజను ముగియగానే మరొక రాష్ట్రానికి తరలిపోతే, రోగి చికిత్సను నిక్షయ్ సంఖ్య ఆధారంగా మరొక కేంద్రానికి బదిలీ చేయవచ్చు. పిల్లలకు ప్రారంభించిన నివారణ చికిత్స, వారి బరువు లెక్క అదే తీరున వెంట వెళ్లేలా చూసే నాథుడు కనబడడు.

ఆహారం సంగతీ అంతే. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ప్రాధాన్య కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కు. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ విధానం 2022 నాటికి అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది కనుక ఆ ధాన్యాన్ని ఏ రాష్ట్రంలోని డిపోలోనైనా తీసుకోవచ్చు. కాని రాష్ట్రాలు తమ సొంత నిధులతో ఇచ్చే సరుకులకు ఈ సదుపాయం లేదు. తమిళనాడు చౌక డిపోల్లో కిలో 30 రూపాయలకు ఇచ్చే కందిపప్పు ఆ రాష్ట్రపు కార్డుదారులకే పరిమితం. బియ్యం సరిహద్దు దాటుతుంది, పప్పు దాటదు. జార్ఖండ్ మూటలో బియ్యంతోపాటు పప్పు ఎందుకు ఉన్నదో గుర్తుంచుకుంటే ఈ లోటు బరువు అర్థమవుతుంది.

ఎల్లకు ఇవతల, అవతల

పిల్లల ఎదుగుదలలో రాష్ట్రాల మధ్య తేడా ఎంతో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. 2019–21 నాటి సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేక గిడసబారినవారు. కర్ణాటకలో 35.4, మహారాష్ట్రలో 35.2, తెలంగాణలో 33.1, ఆంధ్రప్రదేశ్‌లో 31.2, ఒడిశాలో 31.0, తమిళనాడులో 25.0 శాతం ఉన్నారు. యానాం భాగమైన పుదుచ్చేరిలో ఇది 20.0 శాతం. ఒకే భాష మాట్లాడి, ఒకే రకం వంట వండుకునే బంధువుల పిల్లలు సరిహద్దుకు ఇరువైపులా వేర్వేరు పథకాల కింద పెరుగుతున్నారు.

బడి కంచమే ఇందుకు ఉదాహరణ. తమిళనాడు 2022 సెప్టెంబరులో ప్రాథమిక పాఠశాలల్లో ఉదయపు అల్పాహారం ప్రారంభించి, 2023లో రాష్ట్రమంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు విస్తరించింది. కర్ణాటక 2021 చివర రాయచూరు, బళ్లారి సహా వెనుకబడిన ఈశాన్య జిల్లాల్లో గుడ్డు ఇవ్వడం మొదలుపెట్టి, తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. మహారాష్ట్ర 2023 నవంబరులో వారానికొక గుడ్డు ప్రారంభించి, 2025 జనవరిలో దానికి నిధులు నిలిపివేసింది. ఒక రాష్ట్రం పెంచుతుంటే మరొక రాష్ట్రం తగ్గిస్తున్నది. క్షయ ముప్పు ఉన్న ఇంటి బిడ్డకు రోజులో దొరికే మంచి మాంసకృత్తులు బడి కంచంలోని గుడ్డు ఒక్కటే కావచ్చు. దానిని వ్యయపట్టికలో తీసివేయదగిన పద్దుగా చూడటం శోచనీయం.

బడికి రాని వయసు పిల్లల పరిస్థితి మరింత సున్నితం. క్షయ ముప్పు అత్యధికంగా ఉండేది అయిదేళ్లలోపే. ఆ వయసు పిల్లలకు ఆధారం అంగన్‌వాడీ. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలకు అంగన్‌వాడీ ఆహారం ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు. ఎవరి దయా కాదు. తల్లి కూలికి వెళ్లే వేళకు కేంద్రం తెరవకపోతే, వలస వచ్చిన బిడ్డ పేరు రాసుకోకపోతే ఆ హక్కు కాగితం మీదనే మిగులుతుంది.

ప్రభుత్వాలు చేయవలసినది

మొదటిది, క్షయ నమోదు రోగి ప్రాతిపదికన కాక ఇంటి ప్రాతిపదికన జరగాలి. రోగి పేరుతోపాటు ఆ ఇంటి పిల్లల పేర్లు, వయసు, బరువు అదే రోజున రాయాలి. రెండవది, చికిత్స సాగే ఆరు నెలలైనా ఆ ఇంటికి బియ్యంతోపాటు పప్పు దాత కోసం ఎదురుచూడకుండా చౌక డిపో ద్వారానే అందాలి. కొత్త యంత్రాంగం అక్కరలేదు. ఉన్న కార్డుకు ఒక గుర్తు చేరిస్తే సరిపోతుంది. మూడవది, ఆ గుర్తు ఏ రాష్ట్రంలోనైనా చెల్లాలి. నాలుగవది, సరిహద్దు మండలాల ఆరోగ్య, అంగన్‌వాడీ సిబ్బంది వలస వెళ్లే కుటుంబాల వివరాలు పరస్పరం తెలుపుకోవాలి. జిల్లాల మధ్య ఎన్నికల వేళ, పంటల రవాణా వేళ సమన్వయ సమావేశాలు జరుగుతాయి. పిల్లల ప్రాణాలకు అవి జరపరాదన్న నియమం లేదు.

ఖర్చు అధికమన్న వాదన వినిపించవచ్చు. ముప్పై ఇళ్ల తిండి ఖర్చు ఒకవైపు, ఒక రోగి చికిత్స, కోల్పోయిన కూలి, ఆ రోగి నుంచి సోకే మరికొందరి వ్యాధి మరొకవైపు వేసి చూడాలి. పైగా ఆ తిండి క్షయను ఆపడంతో ఆగదు. పిల్లల ఎదుగుదలకు, చదువుకు, తల్లుల రక్తహీనత తగ్గడానికి కూడా ఉపకరిస్తుంది. మాత్ర ఒక్క వ్యాధికే పనిచేస్తుంది.

కుటుంబాలు అడగవలసినది

విధానం మారేవరకు చేతులు ముడుచుకోనవసరం లేదు. ఇప్పటికే ఉన్న హక్కులు కొన్ని తెలియక వినియోగం కావడం లేదు. ఇంట ఒకరికి ఊపిరితిత్తుల క్షయ అని తేలగానే పిల్లలందరినీ, దగ్గు లేకపోయినా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాలి. వ్యాధి లేదని వైద్యులు నిర్ధారిస్తే వారికి నివారణ చికిత్స ఉచితంగా ఇస్తారు. మునుపు ఇది ప్రధానంగా అయిదేళ్లలోపు పిల్లలకే పరిమితం. 2021 మార్గదర్శకాల తరువాత ఇంటిలోని అన్ని వయసులవారికీ వర్తింపజేశారు. జబ్బు లేని బిడ్డకు మందెందుకని మధ్యలో ఆపరాదు. మోతాదు బరువును బట్టి వైద్యులే నిర్ణయించాలి. ఒకరి మాత్రలు మరొకరికి ఇవ్వరాదు.

బిడ్డకు వ్యాధి ఉందని తేలినా భయపడవలసిన పనిలేదు. పిల్లలకు నీటిలో కరిగే మాత్రలు వచ్చాయి. తీవ్రం కాని క్షయకు పిల్లల్లో నాలుగు నెలల చికిత్స సరిపోతుందని ‘షైన్’ పరిశోధన 2022లో వెల్లడించింది. ఆ పరిశోధనలో మూడు ఆఫ్రికా దేశాల పిల్లలతోపాటు భారతదేశపు పిల్లలు కూడా పాల్గొన్నారు. ఎవరికి నాలుగు నెలలు, ఎవరికి ఆరు నెలలన్నది వైద్యుల నిర్ణయం. తల్లికి క్షయ ఉన్నా చంటిబిడ్డకు పాలు మాన్పించనవసరం లేదు. తల్లి మందులు వాడుతూ, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకొని, గాలి వెలుతురు వచ్చే చోట కూర్చుని పాలివ్వవచ్చు. బిడ్డకు నివారణ చికిత్స గురించి వైద్యులను తప్పక అడగాలి.

ఊరు వదిలి పనికి వెళ్లే కుటుంబాలు నిక్షయ్ సంఖ్య, పిల్లల టీకా కార్డు, అంగన్‌వాడీ బరువు కాగితం, రేషన్ కార్డు నకలు ఒక సంచిలో వెంట ఉంచుకోవాలి. కొత్త చోట చేరిన వారంలోనే ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ కార్యకర్తకు చూపాలి. భాష వేరైనా ఆ కాగితాల్లోని అంకెలు అందరికీ ఒక్కటే.

క్షయ సోకిన ఇంటిని వెలివేసే అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. ఆడపిల్ల పెళ్లికి అడ్డు వస్తుందని జబ్బును దాచే ఇళ్లూ ఉన్నాయి. దాచిన జబ్బు మొదట చేరేది ఆ ఇంటి పసిబిడ్డకే. మందు మొదలుపెట్టిన రోగి చాలా సందర్భాల్లో కొద్ది వారాల్లోనే ఇతరులకు వ్యాధి అంటించని స్థితికి వస్తాడు. ఇరుగుపొరుగు ఆ ఇంటిని దూరం పెట్టే బదులు, పిల్లలకు ఒక గిన్నెడు పప్పు పంపితే అది వైద్యంతో సమానమని పరిశోధన నేడు చెబుతున్నది. ఆ పని ఇరుగుపొరుగు దయకూ, దాతల ఔదార్యానికీ వదలక, ప్రతి నెలా, ప్రతి ఇంటికీ, ఎల్లకు ఏ వైపున ఉన్నా ప్రభుత్వమే చేయవలసి ఉన్నది.